తుడుపు పాఠములోని పేరు

మార్గశీర్షమాసమునఁ దూర్పుసముద్రముమీఁదనుండి లేచు మంచు విశాఖపట్టణపుఁ గొండలఁ గప్పి రేవులోని యోడల స్తంభములఁ గప్పి ద్వారకానగరపు సందులలోనికి దిగివచ్చి యచటి మేడల నన్నిటిని రెండవ యంతస్తుదాఁకఁ దెల్లగాఁ దుడిచివేసి మీఁది యంతస్తులను మాత్రము గాలిలో వ్రేలాడు పెట్టెలవలె నిలిపి యుంచు ప్రొద్దులలో, ఆఱున్నర గంటల వేళ, మెడలకు మఫ్లరులు చుట్టుకొని వీఁపులకు సంచులు తగిలించుకొని రాజామునుండియు పలాసనుండియు పార్వతీపురమునుండియు వచ్చిన పిల్లలు చెప్పుల చప్పుడే తప్ప రూపము కానరాని సమూహమై యా సందులోనికి నడచివచ్చుచుందురు. మంచులోనుండి మొదట దగ్గు వినఁబడును. పిదప నొక చేయి కానవచ్చును. ఆ తరువాతఁ గాని మనిషి రాఁడు. ఆ సందులోఁ దెల్లవాఱుట యెన్నియేండ్లనుండియో యిట్లే.

అచట నొక మేడలో మూఁడవ యంతస్తున ముద్దాడ లోకనాథుఁడు కంప్యూటరునకుఁ బని చెప్పు విద్యను బదునెనిమిదేండ్లుగా బోధించుచుండెను. నలువదియైదేండ్లవాఁడు. పెండ్లిమాట యెత్తినవారికి, ఈ బ్యాచి ముగియనిండని చెప్పి చెప్పి యా యీడు దాఁటించుకొన్నవాఁడు. నరసన్నపేటలో నొక యక్కగారు తప్ప నావారనువారు లేనివాఁడు. పలుచని మనిషి, చేతివ్రేళ్ళు మాత్రము పొడుగు. ఇంగ్లీషు పుస్తకము చూచి బెదరి మఱునాఁటి బస్సునకే యూరికిఁ దిరిగిపోవఁ జూచిన యెందఱో పిల్లలను దెలుఁగు మాటతో దగ్గఱకుఁ దీసి తల్లి గోరుముద్దలు పెట్టునట్లు పాఠముఁ బెట్టి యుద్యోగస్థులఁ జేసిన పుణ్యాత్ముఁడు. ఆతని చేతి చలువ యట్టిది.

అట్టివాఁడు రెండేండ్లపాటు తెల్లవాఱుజామున లేచి యొక పుస్తకము వ్రాసెను. జనుల పేర్లను పట్టికలుగాఁ గూర్చుటెట్లు, వలసిన పేరును వెదకి తీయుటెట్లు, క్రొత్త పేరు చేర్చుటెట్లు, అక్కఱలేని పేరును దుడిచివేయుటెట్లు అను సంగతులఁ బదునొకండు పాఠములుగాఁ దెలుఁగున విడమఱచి చెప్పిన యా గ్రంథమునకు నీలియట్ట వేయించుటచే దాని యసలు పేరెవ్వరును బలుకక నీలిపుస్తకమని యనుచుండిరి. అది వెలువడిన నాఁటినుండి లోకనాథుని బ్రదుకు వేఱొక దారి పట్టెను. పాఠము ముగియుటయే తడవుగాఁ దిండికిఁ బరుగెత్తు పిల్లలు సంతకము కొఱకు వరుసగట్టి నిలుచుండిరి. ఊరూరి కళాశాలలవారు పిలిచి శాలువలు కప్పిరి. ఆ శాలువలు పదునాలుగైనవి. వానిని అలమారలో నప్పడములవలెఁ బేర్చియుంచెను. ఒకనాఁడు రైలులో నెదుటిబల్లమీఁద నొక పడుచు తన పుస్తకమును జదువుకొనుచుండఁగాఁ జూచి, వ్రాసినవాఁడను నేనే యని చెప్ప సిగ్గుపడి, దిగవలసిన స్టేషను దాఁటి రెండు స్టేషనులు పోయి దిగెను. అంత సంతోషము.

ఆతని బోధలో నొక నియమముండెను. పుస్తకములోని యుదాహరణమును మొదట నక్షరమైనను మార్పక యున్నదున్నట్లు టైపు చేసి మీట నొక్కవలెను. యంత్రము మాట విన్నదని తెలిసికొన్నపిదపనే సొంతపేర్లు పెట్టి మార్చుకొనవలెను. "ముందు చెయ్యి నేర్చుకోవాలిరా. బుర్ర వెనకాల అదే నడిచొస్తుంది" అని ప్రతి బ్యాచికిని జెప్పెడివాఁడు. ఇంతకాలము ఆ నియమముచే మేలే తప్పఁ గీడెఱుఁగరు.

ఆ మేడ వెనుక సందులో గొర్లె నూకరత్నమను నామె మెస్సు నడపుచుండెను. రేవులో నోడపని చేయు కళాసీయైన మగఁడు పోయిన యేఁడే పొయ్యి వెలిగించి నాఁటినుండి దానిని జల్లాఱనీయక కాపాడుకొని వచ్చిన యఱువదిరెండేండ్ల యిల్లాలు. మోచేతులదాఁక నూనెచుక్కల మచ్చలు. ఏ పిల్లవానికిఁ గారము పడదో, ఏ పిల్ల యల్లపుపచ్చడి రెండుమాఱు లడుగునో, ఎవరు పరీక్ష పోయి తినక లేచిపోయిరో, అన్నియు నామెకు నోటికే వచ్చును. లోకనాథుఁడు తాను జదువుకొన్న కాలమునుండియు నామె చేతి యట్టే తినుచుండెను. ఒకయేఁడాతఁడు విషజ్వరమునఁ బడియున్నపుడు మూఁడంతస్తులు గంజిగిన్నె మోసికొని పదునొకండు దినము లెక్కి దిగినది నూకరత్నమే.

పుస్తకము వ్రాయుచున్న కాలమున నొక యుదయమునఁ గాగితము లామె బల్లమీఁదఁ బఱచుకొని యాతఁడు చూపు నిలిపి కూర్చుండఁగా నామె యట్లకాడతో వచ్చి నిలిచెను.

"ఏటి బాబూ, అట్టు సల్లారిపోతంది. ఆ కాయితంలో ఏటున్నాదని అలా సూస్తన్నావు?"

"ఉదాహరణకి ఒక పేరు కావాలమ్మా. ఏదీ తోచట్లేదు."

"నా పేరెట్టీ. ఏ పుస్తకంలోనూ ఎవులూ రాయనేదు నా పేరు. పెళ్ళిసుబలేకలో కూడా మా ఆయన పేరే పెద్దక్సరాలు."

ఆతఁడు నవ్వి యింటిపేరుతోఁ గూడ నిండుగా నామె పేరు వ్రాసెను. అపుడాతని ముందున్నది యేడవ పాఠము. అది పేరును దుడిచివేయు పాఠము. ఏ పాఠమని యామె యడుగలేదు. అంత చిన్న సంగతి చెప్పవలెనని యాతనికిఁ దోఁచనులేదు.

పుస్తకము చేతికి వచ్చినపుడు నూకరత్నము దానిని బసుపుగుడ్డలోఁ జుట్టి సింహాద్రి యప్పన్న పటము ప్రక్కన నుంచుకొనెను. చదువు రానిదగుటచేఁ గ్రొత్తగా వచ్చిన ప్రతి పిల్లవానిచేతను నూటనలువదిమూఁడవ పుట తెఱపించి తన పేరు చదివించుకొని చదివినవారికి నొక యట్టు ఊరక పెట్టెడిది. పిల్లలు పేరొక్కటి చదివి దాని ముందఱి తుడుపు మాట నామెకుఁ జెప్పక మానిరి. అట్టు మీఁద గౌరవము కొంత, ముసలిదానిమీఁద జాలి కొంత.

ఇఁక వినుఁడు. పుస్తకము వెలువడిన రెండవయేఁడు భాద్రపదమున నూకరత్నము బియ్యమునకు రేషనుకొట్టునకుఁ బోఁగా వ్రేలిముద్ర చూచు యంత్రము తలయూఁపలేదు. "నా ఏలు అరిగిపోయిందట బాబూ, మిషన్లో నాను లేనట" అని యామె నవ్వుచుఁ జెప్పెను. లోకనాథుఁడును నవ్వెను. ఆశ్వయుజములో ఓటరుల పట్టికలోఁ బేరు కనఁబడలేదు. కార్తికమున గ్యాసు బండివాఁడు ప్రక్కయింట దింపి యెదుటియింట దింపి నడుమనున్న మెస్సును జూడనే చూడక పోయెను. ఇంతలో నామెకు రెండు కన్నులను శుక్లములు ముదిరి మంచు లేని దినములలోఁ గూడ మంచు కనఁబడఁజొచ్చెను. రెండు నెలలలో శస్త్రచికిత్స చేయకున్నఁ జూపు దక్కదని వైద్యుఁడు చెప్పెను. ఆరోగ్యకార్డు పట్టుకొని ముమ్మాఱు పోయినను, ఈ పేరుగల మనిషి రాష్ట్రమందే లేదని చెప్పి యాసుపత్రివారు ముమ్మాఱు త్రిప్పి పంపిరి. మూఁడవమాఱు వచ్చి యామె నవ్వలేదు.

ఆ వారముననే కిల్లి తిరుపతిరావను పూర్వవిద్యార్థి పాలకోవా పెట్టెతో గురుదర్శనమునకు వచ్చెను. ఆరోగ్యకార్డుల పట్టికలు కాపాడు నొక కచేరిలో నాతఁడిపుడు కుదురుకొన్నవాఁడు.

"మీ పుస్తకం లేకపోతే నాకీ కుర్చీ ఏదండీ సార్. ఇప్పటికీ బల్ల మీదే ఉంటుంది. ఏదైనా తుడవాలంటే నూట నలభై మూడో పేజీ తీసి, మీరు చెప్పినట్టే ముందు ఉన్నదున్నట్టు కొట్టి, ఆ తరవాతే పేరు మారుస్తాను."

లోకనాథుని చేతిలోని కోవాబిళ్ళ నోటిదాఁకఁ బోలేదు. "ఉన్నదున్నట్టు కొట్టి మీట కూడా నొక్కుతావా?"

"మీరు నేర్పిందే కదా సార్."

"యంత్రం ఏమంటుంది?"

"మొదటిసారి, ఒక వరుస తుడిచాను అంది. తరవాత ఎప్పుడు కొట్టినా సున్నా వరుసలే. ఎవరూ లేని పేరు కదా అని నేను పట్టించుకోలేదు." ఆతఁడు సంతోషముగాఁ గాలుమీఁదఁ గాలు వేసికొనెను. "మనవాళ్ళందరూ అంతేనండీ. రేషన్ వైపు మన జోగినాయుడు, ఓటర్ల లిస్టు దగ్గర మన అమ్మాజీ. మీ నియమం ఎవరూ తప్పలేదు సార్."

"నూకరత్నమ్మ నిజం మనిషిరా. నువ్వు రెండేళ్ళు ఆవిడ చేతి అట్లు తిన్నావు."

తిరుపతిరావు కనుబొమలు ముడిచి కిటికీనుండి వెనుక సందువంకఁ జూచెను. "వెనక సందులో మెస్సు గుర్తుంది సార్. అల్లప్పచ్చడి గుర్తుంది. ఎవరో వడ్డించేవారు. ఎవరో మరి."

లోకనాథుఁడు కోవాబిళ్ళ తిరిగి పెట్టెలోఁ బెట్టి యా పేరు వెంటనే చేర్పుమని చెప్పెను. తిరుపతిరావు గురువు మాట మన్నించి మఱునాఁడే యామె పేరు తిరిగి చేర్చెనఁట. ఆ మధ్యాహ్నమే ప్రక్కబల్లమీఁదఁ గ్రొత్తగాఁ జేరిన యమ్మాయి నీలిపుస్తకము తెఱచి తుడుపు పాఠమును ఉన్నదున్నట్లు కొట్టెనఁట.

ఆ దినమునుండి లోకనాథుఁడు మెస్సులోఁ గూర్చుండి తినుట మాని చూచుట నేర్చెను. పిల్లలు వచ్చుచుండిరి, తినుచుండిరి, పోవుచుండిరి. పళ్ళెము తనంతటఁ దాను బల్లమీఁదికి వచ్చినట్లును నీళ్ళు తమంతటఁ దాము గ్లాసులో నిండినట్లును వారు తలయెత్తక తినుచుండిరి. ఇంకొక యట్టు కావలసినవాఁడు గోడవంకఁ జూచి యడుగుచుండెను. ప్రక్కయింటి పైడమ్మ, ఇరువదియేండ్లుగా నూకరత్నముతోఁ గుళాయికడఁ బోట్లాడినది, "ఎవులమ్మా మీరు, ఎవులింటికొచ్చినారు" అని మర్యాదగా నడిగెను. ఆ మర్యాదకు నూకరత్నము వణఁకినంత యే తిట్టునకును వణఁకియుండదు. గోడమీఁది పెండ్లిఫొటోలోఁ గళాసీ మీసములు నాఁటివలెనే నల్లగానున్నవి. ఆయన ప్రక్కన పట్టుచీర యంచు కొంత, పూలచెండు కొంత, నడుమ నంతయుఁ దెలుపు.

లోకనాథుఁడు వెంటనే పూనుకొనెను. తప్పు దిద్దు చీటీలు అచ్చు వేయించి యమ్ముడుపోని ప్రతులన్నిటిలో నా పేరుమీఁద నంటించెను. కాని నీలిపుస్తకమును గొని చదువువారికంటె జిరాక్సు తీయించుకొని చదువువారు పదిరెట్లుండిరి. సందు మొగనున్న పైడిరాజు జిరాక్సు కొట్టునకుఁ బోయి చూడఁగా యంత్రము పచ్చని వెలుఁగు చిమ్ముచు నూటనలువదిమూఁడవ పుటనే కక్కుచుండెను. నకలునకు నకలు, దానికి నకలు తీయుటచేఁ దక్కిన పంక్తులన్నియు బూడిదవలె వెలిసి చదువ రాకుండెను. ఆమె పేరున్న పంక్తియొక్కటి మాత్రము కాటుకపెట్టినట్లు నల్లగా నిగనిగలాడుచుండెను.

"ఈ పేజీ తియ్యకు పైడిరాజూ."

"నానేటి సెయ్యను సార్. అందరూ ఇదే అడుగుతారు. మిషనుకి కూడా అలవాటైపోనాది. ఏ పేజీ ఎట్టినా ఇదే వొత్తంది ఒక్కోపాలి" అని పైడిరాజు వేళాకోళముగానే యనెను గాని యా మాట యని తానే యంత్రమువంక నొకసారి చూచి మూఁత వేసెను.

పేరే తీసివేసినఁ బోలేదాయని మీరనవచ్చును. అట్లును జేసి చూచెను. కాని యా విద్యలో నొక కఠినమైన ధర్మము కలదు: ఎవరిని దుడువవలెనో పేరు చెప్పక తుడువుమన్నచో యంత్రము పట్టికలోని వారినందఱను దుడిచివేయును. పేరు విడిచిన చీటీని జూచి యొక బ్యాచి పిల్లలు మీట నొక్కఁగా శిక్షణాలయపు హాజరుపట్టిక యంతయు క్షణములోఁ దెల్లవాఱెను. అది యచ్చటితో నాఁగుట యదృష్టము. ఒక పేరు పెట్టితీరవలెను. అందుచే లోకనాథుఁడు లోకములో నుండనేరని పేరొకటి కల్పింపఁబూని రెండు దినములు తలపట్టుకొని పిచ్చుకల నక్షత్రపతి యని కూర్చి, ఇట్టి పేరు ఏ తల్లి పెట్టునని తనలోఁ దాను నవ్వుకొని, దానిని జీటీలమీఁద వేయించి తరగతిలోను జెప్పెను.

మూఁడవనాఁటి యుదయమునఁ బర్లాకిమిడి వైపునుండి వచ్చిన పడుచువాఁ డొకఁడు తలుపుకడ నిలిచి దండము పెట్టెను.

"అడ్మిషన్ కోసం వచ్చానండి. ఎన్నిసార్లు కొట్టినా మీ రిజిస్టర్లో నా పేరు నిలవట్లేదంటున్నారు కిందమ్మాయి."

"ఏం పేరు బాబూ?"

"పిచ్చుకల నక్షత్రపతి అండి. నవ్వకండి సార్, మా తాత పెట్టారు."

లోకనాథుఁడు నవ్వలేదు. ఆ మధ్యాహ్నము చీటీలన్నియు నీట నానఁబెట్టి చేతులతో గీకి తీసివేసెను. క్రింద నూకరత్నము పేరు చెక్కుచెదరక యుండెను. ఎవ్వరిదియుఁ గాని పేరు లోకములో లేదని యాతనికపుడు తెలిసెను. సంఖ్య పెట్టినను ఆ సంఖ్యయు నొకరిదే యగును.

పుష్యమాసము వచ్చెను. వైద్యుఁడిచ్చిన గడువులో నిఁక మూఁడు వారములుండెను. ఒకనాఁటి యుదయము నేడుగంటలకు నలువదిమంది పిల్లలు కీబోర్డులముందుఁ గూర్చుండి పాఠము వినుచుండఁగా మూఁడవ యంతస్తు తలుపు తెఱచికొని నూకరత్నము లోనికి వచ్చెను. ఆమెతోడనే మంచు లోనికి వచ్చెను. ఏది యామె చీర, ఏది మంచు అని చూపునకుఁ దెగలేదు. గోడ పట్టుకొని తడవికొనుచు వచ్చుచున్న యామెకు దారిలోని పిల్లలు కాళ్ళు తీయలేదు, తల త్రిప్పలేదు. ఒక పిల్ల మాత్రము చలి వేసినట్లు దుప్పటా దగ్గఱకు లాగుకొనెను. నూకరత్నము చంకలోఁ బసుపుగుడ్డ మూట.

"లోకనాతం బాబూ, ఉన్నావా?"

"ఉన్నానమ్మా. ఇలా కూర్చో. మెట్లెందుకెక్కావు?"

"ఒకటడగాలని. నవ్వకు మరి." ఆమె గొంతు ప్రక్కగదిలోనుండి వచ్చునట్లుండెను. "నా పేరేటి బాబూ? నోటిదాకా వస్తన్నాది, రాదు. పొద్దుగాల్నించి పొయ్యి కాడ కూకుని ఆలోసిస్తన్నాను. మా ఆయనెలా పిలిసేవోడో అదీ రాదు. అడుగుదామంటే ఎవులికీ నాను కనబడతానేను. నువ్వు రాసినావు గదా ఇందల. సదివి సెప్పు."

ఆమె మూట విప్పి పుస్తకము చాఁచెను. లోకనాథుఁడు దానిని దీసికొనెను. ఆ పుట తెఱచెను. తుడువుము అని తానే వ్రాసిన మాట. దాని వెనుక నామె పేరు. తుడుపు మాట మ్రింగి పేరు మాత్రము పైకి జదివెను.

"గొర్లె నూకరత్నం."

"నూకరత్నం" అని యామె పెదవులు కదపెను. "అదే. అదే బాబూ. ఇంకోపాలి."

రెండవమాఱు చదువుచుఁ దలయెత్తి చూడఁగా నలువది జతల చేతులు కీబోర్డులమీఁదికి లేచియుండెను. సారు పుస్తకము తెఱచి చదివినచో నున్నదున్నట్లు కొట్టవలెను గదా. వారి కన్ను లామెను జూచుటలేదు. తమ ముందున్న నీలిపుస్తకములో నూటనలువదిమూఁడవ పుటమీఁద నుండెను. ఆ వ్రేళ్ళు దిగిన నిఁక నామెకుఁ బలుకుటకు నోరును మిగులదేమో యని లోకనాథునకుఁ దోఁచెను.

"చేతులు తియ్యండి" అని యాతఁడు మెల్లగా ననెను. పదునెనిమిదేండ్లలో నట్లు చెప్పి యెఱుఁగఁడు. "ఆ పాఠం మూసెయ్యండి. ఐదో పాఠం తియ్యండి. చేర్చే పాఠం. నేను చెప్పే పేరు చేర్చండి. ఇంటిపేరుతో సహా."

ఆ పిల్లలు గురువు మాట జవదాఁటనివారు. నలువది యంత్రములమీఁద నామె పేరు చేరెను. ఒక వరుస చేర్చితినని నలువది తెరలు పలికెను. అపుడు దుప్పటా కప్పుకొన్న పిల్ల తల త్రిప్పి యామెను జూచి, "అమ్మా మీరా, కూర్చోండి. మెస్సు తియ్యలేదా ఇవాళ" అని బల్లచివరకు జరిగెను. నూకరత్నము కూర్చుండి కన్నులు తుడుచుకొనెను. ఆ దినమంతయు సందులో నందఱు నామెను బేరుపెట్టి పిలిచిరి. మఱునాఁటికి మఱల మంచు కప్పెను. లోకములో నీలిపుస్తకములు వేలు; నలువది చేతు లెంతకని యడ్డుపడఁగలవు.

పుస్తకము చేసిన పనిని బుస్తకమే విప్పవలెనని లోకనాథుఁడు నిశ్చయించెను. రెండవకూర్పు అచ్చు వేయించినచోఁ బాతదానిని జిరాక్సువాఁడైనను ముట్టఁడని పైడిరాజే చెప్పెను. చేర్చు పాఠములో నూకరత్నము పేరుంచుట సులభము. తుడుపు పాఠములో నెవరి పేరుంచవలెను? ఆ ప్రశ్నతో నాతఁడు మూఁడు దినములు గడపెను. అలమారలోని శాలువలఁ దీసి చూచి మఱలఁ బెట్టెను. సంతకము చేసిన పుటలు తలఁచుకొనెను. రైలులో నెదుటఁ గూర్చున్న పడుచునకు నాఁడే చెప్పియుండవలసినదని తలఁచెను. ఆదివారమునాఁ డక్కగారు ఫోను చేయఁగా నెప్పటికంటె నెక్కువసేపు మాటలాడి చివర, "అక్కా, నా పేరు ఎవరు పెట్టారు" అని యడిగెను.

"నాన్నే పెట్టాడురా. పురుట్లో నిన్ను చూసి, వీడు లోకానికంతటికీ పనికొస్తాడన్నాడు. ఇప్పుడెందుకు గుర్తొచ్చింది?"

"ఊరికే."

ఒకరికిఁ జెందిన పేరును మఱియొకరు తీసియిచ్చుటకు హక్కు లేదు. తీసియిచ్చుటకు హక్కున్న పే రెవరికైనను లోకములో నొకటియే యుండును. సోమవారమున నాతఁ డేడవ పాఠము దిద్దెను. ముద్రణాలయములో బ్రూఫు చూచువాఁడు పిలిచి, "సార్, ఇక్కడ మీ పేరే పడిపోయింది. పొరపాటా?" అని యడుగఁగా లోకనాథుఁడు, "కాదు. అలాగే ఉంచండి. ఇంటిపేరు కూడా వెయ్యండి. సగం పేరు ఇంకొకరిది అయిపోతుంది" అని చెప్పెను.

రెండవకూర్పు పండ్రెండు దినములలో వెలువడెను. పైడిరాజు యంత్రము నూతనపుటలను గ్రొత్త యుత్సాహముతోఁ గక్కెను. కచేరులలోఁ బూర్వవిద్యార్థులు పాతప్రతులు తీసివైచి క్రొత్తవి తెప్పించుకొని గురువు నియమము తప్పక మొదట నున్నదున్నట్లు కొట్టిరి. రేషనుకొట్టులో నూకరత్నము వ్రేలు పెట్టుటయే యాలస్యముగా యంత్రము కూఁత పెట్టెను. కార్డు నిలిచెను. గడు వింక మూఁడుదినము లుండఁగా నామె రెండు కన్నులలో నొకదానికి శుక్లము తీసిరి. మాఘము చివర రెండవదానికిఁ దీసిరి. పైడమ్మ కుళాయికడ నామెను బేరుపెట్టి తిట్టెను. ఆ తిట్టు విని నూకరత్నము బిందె దింపి మనసారఁ గన్నీరు పెట్టుకొనెను.

లోకనాథుని వ్రేలిముద్రను మొదట శిక్షణాలయపు తలుపుకడ నున్న యంత్రము ఒల్లకపోయెను. ఒక యాదివారము ఫోను మ్రోఁగలేదు. ఆ తరువాతి యాదివారమును మ్రోఁగలేదు. తానే చేయఁగా నక్కగారు, "ఎవరు కావాలండీ" అని మర్యాదగా నడిగెను. ఫాల్గునమున నొకనాఁటి యుదయమున మూఁడంతస్తు లెక్కి పోవునప్పటికి పలకముందు క్రొత్త యుపాధ్యాయుఁడు నిలిచి నీలిపుస్తకము పట్టుకొని పాఠము చెప్పుచుండెను. చక్కఁగానే చెప్పుచుండెను. ఒకటి రెండు చోట్లఁ దనకంటె విశదముగాఁ జెప్పెనని కూడ లోకనాథుఁడు తలుపుకడ నిలిచి విని యొప్పుకొనెను. మూఁడవ ముద్రణమున నట్టమీఁద గ్రంథకర్త పేరుండవలసిన చోటు ఖాళీగా వచ్చెను. ఎవ్వరికిని లోపమని తోఁచలేదు.

చైత్రమున నెండ తఱుముకొని వచ్చి సందులోని మంచు నూడ్చివేసినపిదప నొక యుదయమున నాతఁడు మెస్సులోనికిఁ బోయి మూల బల్లకడఁ గూర్చుండెను. గోడమీఁది ఫొటోలోఁ గళాసీ ప్రక్కన గుండ్రని మొగముగల పెండ్లికూఁతురు తల వంచక సూటిగాఁ జూచుచుండెను. నూకరత్నము తేటపడిన కన్నులతో వచ్చి యాతని మొగము పరికించెను.

"ఏ ఊరు బాబూ? ఈ సందులో ఎన్నడూ సూడనేదు."

"నరసన్నపేట దగ్గరమ్మా."

"సదువుకొచ్చినావా, ఉజ్జోగానికా?"

"రెండూ అయిపోయాయి."

"అయితే ఇంక తినడమే ఉన్నాది" అని యామె నవ్వి యట్టు తెచ్చి పెట్టెను. పెట్టి పోక యప్పన్న పటము ప్రక్కనుండి క్రొత్తకూర్పు నీలిపుస్తకము తీసికొని వచ్చెను. "సదువొచ్చు గదా? ఐదో పాటం తియ్యి. నా పేరున్నాది సూడు. రాసినాయన ఎవులో మరి, ఎన్నడూ సూడనేదు. ఎవుల్నడిగినా తెలీదంటారు. ఆయన్ని కన్నతల్లి కడుపు సల్లగుండ. నీ పేరేటి బాబూ?"

ఆతఁడు చెప్పుటకు నోరు తెఱచెను. మీఁది యంతస్తునఁ గీబోర్డులు వానవలెఁ జప్పుడు చేయుచుండెను. ఆ వారము క్రొత్త బ్యాచివా రేడవ పాఠమునకు వచ్చియుండిరి. చీఁకటిలో మెట్టుకై తడవు కాలువలె నాతని నాలుక పేరుకై తడవెను. అచ్చట మెట్టు లేకుండెను. ఆశ్చర్యముగా భయము వేయలేదు.

"మీ పేరు చెప్పండమ్మా ముందు" అని యాతఁ డనెను.

నూకరత్నము తడిచేతులు కొంగునఁ దుడుచుకొని బల్లకెదురుగా నిటారుగా నిలిచి యింటిపేరు వేఱుగాఁ బేరు వేఱుగా నొక్కి పలికెను.

"గొర్లె. నూకరత్నం."

ఆమె గొంతెక్కడను దొట్రుపడలేదు. ఆతఁడు తల యూఁచి పళ్ళెము దగ్గఱకుఁ దీసికొని యట్టు వేఁడిగా నుండఁగానే తినెను.